ఆటగాళ్లకు అన్నం పెట్టడానికి ఎమ్మెస్సీ ఎందుకు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కాకినాడలో హాస్టల్లో ఉండి హోంసైన్సు డిగ్రీ మూడేళ్లు పూర్తి చేశాను. పోషకాహారం నా ప్రధాన విషయం. కాలేజీ కబడ్డీ జట్టులో ఆడాను. వ్యాయామ, క్రీడా పోషకాహారంలో ఎమ్మెస్సీ చేయాలని నా కోరిక. భీమవరంలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో సీటు ఇప్పిస్తామని, మొత్తం 40 లక్షలు అవుతుందని చెప్పారు. నాన్నకు రెండెకరాల కొబ్బరితోట, ఎకరం రొయ్యల చెరువు ఉన్నాయి. తోట కాగితాలు పెడితే బ్యాంకు అప్పు ఇస్తుందట. మావయ్య మాత్రం బీఈడీ చేయించి పెళ్లి చేసెయ్యమంటున్నాడు. నాన్న వద్దనలేదు కానీ, "ఆటగాళ్లకు అన్నం పెట్టడానికి ఎమ్మెస్సీ ఎందుకమ్మా?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. ఈ చదువుకు భవిష్యత్తు ఉందా? ఎక్కడ చదివితే మంచిది? ఇంకొక మాట. మా తమ్ముడు జిమ్ముకు వెళ్తూ 3 వేలు పెట్టి పొడి డబ్బా కొన్నాడు, అన్నం మానేశాడు. అది మంచిదేనా?
– ఒక పాఠకురాలు, రాజోలు మండలం

సమాధానం: ముందు మీ నాన్నగారి ప్రశ్న తీసుకుంటాను. నువ్వు అడిగిన వాటన్నిటికన్నా అదే అసలైన ప్రశ్న. దానికి జవాబు చెప్పలేకపోతే అమెరికాలోనైనా హైదరాబాదులోనైనా ఆ సీటుతో నీకు పని లేదు.

ఆయన రొయ్యల రైతు కాబట్టి జవాబు ఆయన చెరువుగట్టు మీదే దొరుకుతుంది. వనామీ రొయ్య పిల్లను వదిలిన రోజున వేసే మేత, కౌంటు యాభైకి, అంటే కిలోకు యాభై రొయ్యలు తూగే దశకు, వచ్చాక వేసే మేత ఒకటేనా అని అడిగి చూడు. వల విసిరి, నాలుగు రొయ్యలు తూచి, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలిందో చూసి, నీటి ఉప్పదనం, ఆ రోజు ఎండ, మబ్బు అన్నీ లెక్క వేసుకుని గానీ ఆయన మేత చల్లరు. ఎక్కువైతే చెరువు పాడవుతుంది, తక్కువైతే రొయ్య ఎదగదు. మనిషికి, అందులోనూ రోజుకు మూడు గంటలు మైదానంలో ఒళ్లు హూనం చేసుకునే మనిషికి ఆ మాత్రం లెక్క వద్దా అని నెమ్మదిగా అడుగు. ఆయన నవ్వుతారనే నా నమ్మకం.

ఇక ఆ లెక్క ఎలా ఉంటుందో నీకు చెబుతాను. మీ ఊళ్లో 60 కిలోల బరువున్న కబడ్డీ అమ్మాయి ఒకరు ఉందనుకో. మన దేశంలో మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలునని 2020లో భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది. అంటే ఆమెకు 50 గ్రాములు. గట్టిగా సాధన చేసే క్రీడాకారులకు కిలోకు 1.2 నుంచి 2 గ్రాముల దాకా కావాలని అంతర్జాతీయంగా ఒప్పుకున్న మాట. మధ్యస్థంగా 1.6 అనుకుంటే 96 గ్రాములు. ఈ 96 ఎక్కడి నుంచి తెస్తావు? డబ్బాలోంచి అక్కర్లేదు. రోజంతటిలో 300 గ్రాముల బియ్యం వండితే అందులోనే 24 వస్తుంది. 50 గ్రాముల కందిపప్పు 11, రెండు గుడ్లు 13, 150 గ్రాముల చేప 28, పాలు పెరుగు కలిపి అర లీటరు 16, గుప్పెడు వేరుశనగ గుళ్లు 7. మొత్తం 99. కోనసీమ వంటింట్లో దొరకనిది ఇందులో ఒక్కటీ లేదు.

ఇంతవరకు డిగ్రీలో నీకు చెప్పే ఉంటారు. చిక్కు తర్వాత మొదలవుతుంది. కార్తీక మాసం వస్తుంది. వాళ్లింట్లో నెలంతా గుడ్డూ చేపా ముట్టరు. పై లెక్కలోంచి ఒక్క దెబ్బకు 41 గ్రాములు ఎగిరిపోతాయి. 50 గ్రాముల మీల్ మేకర్ వండితే 26, మరో పావు లీటరు పాలు 8, ఒక పెసరట్టు 7 – ఆ గుంట పూడుతుంది. కానీ సోమవారం నక్షత్రం కనిపించే దాకా పచ్చి మంచినీళ్లు కూడా తాగని పిల్లకు అదే రోజు మధ్యాహ్నం జిల్లా పోటీ ఉంటే? ఉపవాసం మానెయ్యమని చెప్పి వచ్చేస్తే వాళ్లమ్మ ఇంకెప్పుడూ నీ మాట వినదు. ఆదివారం రాత్రి భోజనం ఎలా మార్చాలి, పాలూ పండూ నిషేధం కాని ఉపవాసమైతే ఆటకు రెండు గంటల ముందు ఏమి ఇవ్వొచ్చు, ఏదీ కుదరకపోతే ఆమెను ఎంతసేపు ఆడించాలో కోచ్‌కు ఎలా చెప్పాలి – ఈ పనికే నిపుణులు కావాలి. పుస్తకంలో ఉన్న పట్టిక అందరికీ ఒకటే, ఇళ్లు ఒకటి కావు.

మన ప్రాంతంలో ఇంకో తెగులు ఉంది. అన్నం తింటే ఒళ్లు వస్తుంది, ఆటకు పనికిరాం అన్న మాట మైదానాల్లో, జిమ్ముల్లో వేదవాక్కులా చెలామణి అవుతోంది. అదే 60 కిలోల అమ్మాయికి రోజుకు ఓ గంటకు పైగా గట్టి సాధన ఉంటే కిలోకు 6 గ్రాముల చొప్పున 360 గ్రాముల పిండిపదార్థం కావాలి. పైన చెప్పిన బియ్యం 235, పప్పు 28, పాలు 24 ఇస్తే, రెండు అరటిపండ్లు, కాస్త బెల్లం ముక్క మిగతాది పూరిస్తాయి. అన్నం తీసేస్తే ఆ చోట ఏమి పెడతారో చెప్పమని అడిగితే ఎవరూ చెప్పరు.

అన్నం మీద ఈ అపనమ్మకం పాతదే. పోషకాహార పరిశోధనకు మన దేశంలో ఆద్యుడైన రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు తమిళనాడులోని కూనూరులో ఎలుకలకు ఒక్కొక్క ప్రాంతపు తిండి పెట్టి పెంచి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు తిన్న పంజాబు ఎలుకలు ఏపుగా పెరిగాయి. బియ్యం తిన్న మద్రాసు ఎలుకలు బక్కచిక్కాయి. అన్నం తినేవాళ్లు బలహీనులని అప్పటి నుంచీ చాలామంది తీర్మానించేసుకున్నారు. ఆ ఎలుకల గిన్నెలో పాలు, పప్పు, ఆకుకూర ఎంత ఉన్నాయన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. నేను ఇన్నేళ్లుగా అంటున్నది ఒకటే: విస్తట్లో అన్నం పక్కన ఏముందో చూడండి. అన్నం ప్రధానంగా తినే మన ప్రాంతం నుంచే, మీకు కూతవేటు దూరంలో ఉన్న అమలాపురం నుంచే సాత్విక్ సాయిరాజ్ వెళ్లి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి ర్యాంకు అందుకున్నాడు.

ఇక ఆడపిల్లల సంగతి. దీన్ని డిగ్రీలో నాలుగు వాక్యాల్లో తేల్చేస్తారు, నాకు మాత్రం ఈ చదువు మొత్తానికి ఇదే ప్రాణం అనిపిస్తుంది. ఖర్చయ్యే శక్తికి సరిపడా తినకుండా నెలల తరబడి ఆడితే మొదట నెలసరి తప్పుతుంది, తర్వాత ఎముకలు బలహీనపడతాయి, చిన్న దెబ్బకే చీలతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరు పెట్టి, మగవాళ్లకూ ఇది వస్తుందని హెచ్చరించింది. మన మైదానాల్లో ఏమవుతుంది? పిల్ల బరువు తగ్గిందని కోచ్ సంతోషిస్తాడు, నెలసరి రాలేదని ఆ పిల్ల ఎవరికీ చెప్పదు. దానికి తోడు రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగానికి మించి రక్తహీనులే. హిమోగ్లోబిన్ 12కు దిగువన ఉన్న అమ్మాయిని ఇంకో రెండు రౌండ్లు పరుగెత్తమని అరిస్తే ఆమె పరుగు పెరగదు, ఆయాసం పెరుగుతుంది. ఈ మాట ఒక అమ్మాయి నోటి నుంచి మరో అమ్మాయి చెవికి చేరాలంటే, కబడ్డీ ఆడి ఈ చదువు చదివిన నీలాంటి వాళ్లు కావాలి. 2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫోగట్ కేవలం 100 గ్రాములు ఎక్కువ తూగి, 50 కిలోల ఫైనల్ ఆడకుండానే పోటీకి అనర్హురాలైన రోజున దేశమంతా బరువు గురించి మాట్లాడింది. ఆ మాటలు వారానికే అణిగిపోయాయి. బరువు హద్దులున్న ప్రతి ఆటలోనూ ఆ సమస్య మాత్రం రోజూ ఉంటుంది, కబడ్డీలో కూడా.

భవిష్యత్తు సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రాలు, రాష్ట్రాల అకాడమీలు, లీగ్ జట్లు, ప్రైవేటు అకాడమీలు – క్రీడా పోషకాహార నిపుణులకు ఉద్యోగాలు ఉండేది ఇక్కడే. వీటిలో ఎక్కువ కాంట్రాక్టు పోస్టులు. మన గోదావరి జిల్లాల్లో ఆ ఒక్క పనితో బతికే రోజు ఇంకా రాలేదు. పొడి డబ్బాల కంపెనీలు మాత్రం పిలిచి ఉద్యోగం ఇస్తాయి, కోటూ మెడలో గుర్తింపు కార్డూ ఇస్తాయి. నెలకు ఇన్ని డబ్బాలని లక్ష్యం కూడా పెడతాయి. ఆ పని చేయొద్దని నేను అనను. అది పోషకాహార నిపుణుల పని కాదని మాత్రం తెలుసుకుని చేయి.

అందుకే నా సలహా ఇది. ముందు పూర్తి స్థాయి డైటీషియన్‌వి కా. క్రీడలు ఆ తర్వాత. మధుమేహం ఉన్నవాళ్లకు, కిడ్నీ రోగులకు, బాలింతలకు తిండి చెప్పగలిగిన మనిషికి ఏ పట్టణంలోనైనా పని దొరుకుతుంది. ఆ పని చేతిలో ఉంటే సాయంత్రాలు మైదానంలో గడపొచ్చు, ఆటగాళ్ల మధ్య పేరు తెచ్చుకోవచ్చు. ఎమ్మెస్సీ తర్వాత గుర్తింపున్న ఆసుపత్రిలో ఆరు నెలలు పనిచేసి, భారత డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే పరీక్ష రాస్తే రిజిస్టర్డ్ డైటీషియన్ అవుతావు. ఏ కోర్సులో చేరినా అది నిన్ను ఈ పరీక్ష దాకా తీసుకెళ్తుందా లేదా అని చేరే ముందే అడుగు. కోర్సు పేరులో క్రీడలు అన్న మాట ఉందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చి పోషకాహార వృత్తినీ తన పరిధిలోకి తీసుకుంది కాబట్టి, రేపు నమోదు లేనివాళ్లకు తలుపులు మూసుకుపోయే అవకాశమే ఎక్కువ.

ఎక్కడ అంటే, నా మొదటి ఓటు హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు. పైన చెప్పిన మెక్‌కారిసనే 1918లో కూనూరులో మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల అది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. అక్కడ క్రీడా పోషకాహారంలోనే రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాయాలి, సీట్లు కొద్ది. జీవరసాయన శాస్త్రం, శరీరధర్మ శాస్త్రం గట్టిగా చదువుకుని వెళ్లు, హోంసైన్సు పిల్లలు తడబడేది అక్కడే. ఈసారి సీటు రాకపోతే కుంగిపోవద్దు. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో, మరో చోటో మామూలు పోషకాహార ఎమ్మెస్సీ చేసినా నష్టం లేదు. దాని మీద శరీర కొలతలకు సంబంధించిన ఐసాక్ మొదటి స్థాయి సర్టిఫికెట్, డబ్బులు సమకూరాక ఒలింపిక్ కమిటీ వారి రెండేళ్ల దూరవిద్య డిప్లొమా చేసుకోవచ్చు.

అమెరికా చదువు గొప్పదే. అక్కడ టెక్సస్ విమెన్స్ యూనివర్సిటీ లాంటి చోట్ల వ్యాయామ, క్రీడా పోషకాహారంలోనే ప్రత్యేకంగా ఎమ్మెస్ ఉంది. ప్రయోగశాలలు, కాలేజీ జట్లతో పని, అన్నీ మనకన్నా ముందున్నాయి. కానీ కన్సల్టెన్సీ వాళ్లు నీకు చెప్పని సంగతులు నేను చెబుతాను. నీది మూడేళ్ల డిగ్రీ. దాన్ని పూర్తి బ్యాచిలర్ డిగ్రీగా అక్కడి అన్ని విశ్వవిద్యాలయాలూ లెక్కించవు. ఇది మొదట తేలాలి. అక్కడ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు 2024 జనవరి నుంచి మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి చేశారు. అంతమాత్రాన ప్రతి మాస్టర్స్ డిగ్రీ ఆ పరీక్షకు దారి కాదు. గుర్తింపున్న కోర్సు, పర్యవేక్షణలో శిక్షణ రెండూ ఉండాలి. క్రీడా పోషకాహారపు ఎమ్మెస్ ఒక్కటే చేసి, ఆసుపత్రిలో గానీ జట్టులో గానీ ఆ హోదా అడిగే ఉద్యోగానికి వెళ్తే నిలబెట్టి తిప్పి పంపుతారు. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఏడాది అనుమతి ఉంటుంది. ఆ కోర్సు కోడ్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే ఇంకో రెండేళ్లు. కాబట్టి కన్సల్టెన్సీకి వెళ్లి కోర్సు పేరు కాదు, దాని సిఐపి కోడ్ (ఇప్పుడు చెప్పిన కోర్సు కోడ్ అదే) కాగితం మీద రాసిమ్మని అడుగు. నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్యి. బ్రిటన్‌లో లఫ్‌బరో లాంటి చోట్ల ఇదే చదువు ఏడాదిలో అయిపోతుంది. అయినా అన్నీ కలిపి పాతిక లక్షలకు తగ్గదు.

అప్పు లెక్క కూడా ఒకసారి వెయ్యి. 40 లక్షలు, నూటికి 11 వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 55 వేలు కట్టాలి. చదువుతున్నప్పుడు పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. ఇక్కడ ఆసుపత్రుల్లో కొత్త డైటీషియన్‌కు చాలాచోట్ల అందులో సగం జీతం కూడా రాదు. అంటే అక్కడే ఉద్యోగం దొరికి, అక్కడే కొన్నేళ్లు ఉండగలిగితేనే ఈ అప్పు తీరుతుంది. ఆ రెండూ నీ చేతిలో లేనివి. రొయ్య ధర పడిపోయిన ఏడాది ఆ ఇంటిని నిలబెట్టేది కొబ్బరితోటే అయి ఉంటుంది. ఆ తోట కాగితాలు బ్యాంకులో పెట్టించి వెళ్లమని నేను చెప్పలేను. ఉపకారవేతనంతోనో, బోధన సహాయకురాలిగా ఫీజు తగ్గింపుతోనో సీటు వస్తే అప్పుడు వెళ్లు, నేనే పెట్టె సర్దుకోమంటాను. ఇక్కడ ఎమ్మెస్సీ చేసి, రెండేళ్లు పనిచేశాక దరఖాస్తు పెడితే అలా వచ్చే అవకాశం పెరుగుతుంది కూడా.

మావయ్య మీద కోపం పెట్టుకోకు. బీఈడీ అంటే ఆయనకు కనిపిస్తున్నది నెలజీతం. డైటీషియన్‌కూ నెలజీతం ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. పెళ్లి గురించి నువ్వు నన్ను అడగలేదు కాబట్టి నేనూ ఏమీ అనను.

ప్రవేశ పరీక్ష దాకా ఖాళీగా కూర్చోవద్దు. మీ ఊరి హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయుల అనుమతి తీసుకుని సాయంత్రం కబడ్డీ పిల్లల దగ్గరికి వెళ్లు. ఒక బరువు తూచే యంత్రం, ఒక నోటుపుస్తకం చాలు. సాధనకు ముందు, తర్వాత తేలిక బట్టల్లో, చెమట తుడిపించి తూచు. మధ్యలో తాగిన నీళ్లు కూడా రాసుకో. తగ్గిన ప్రతి కిలోకు రమారమి లీటరు చెమట పోయినట్టు, తాగిన నీళ్లు దానికి కలుపుకో. ఒంటి బరువులో నూటికి రెండు వంతులు మించి తగ్గుతున్న పిల్ల సరిగా నీళ్లు తాగడం లేదని అర్థం. రోహిణీ కార్తెలో మన డెల్టా ఉక్కకు చెమట కారుతుందే గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే కృష్ణా, గోదావరి తీరాల పిల్లలకు పొడి ఎండ ప్రాంతాల లెక్కలు అతకవు. కొబ్బరి బొండం ఇస్తే చాలదా అంటావేమో. కోనసీమ వాళ్లతో బొండాన్ని తక్కువ చేసి మాట్లాడే సాహసం నాకు లేదు కానీ, అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. బొండంతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ కూడా ఇవ్వు. ఆడపిల్లలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు, భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంటే గంట వెనక్కి జరపమను, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మాత్రలు మాత్రం నీ చేతుల మీదుగా ఇవ్వకు, అది డాక్టరు పని. ఒక సీజన్ అంతా ఇలా రాసుకున్న పుస్తకం ఏ ఇంటర్వ్యూలోనైనా నీ మార్కుల జాబితాకన్నా ఎక్కువ మాట్లాడుతుంది. ఈ పని నీకు విసుగ్గా అనిపిస్తే ఈ చదువు నీది కాదని ఖర్చు లేకుండా తెలిసిపోతుంది కూడా.

ఇక మీ తమ్ముడు. ప్రొటీన్ పొడి విషమేమీ కాదు, చాలావరకు పాల విరుగుడే. ఆ డబ్బా వెనక ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు ఉన్నాయేమో చూడు. రేపు ఏదైనా పోటీలో పాల్గొనేవాడైతే ఇంకా జాగ్రత్త. పొడిలో నిషిద్ధ పదార్థం కలిసిందని తనకు తెలియదంటే డోపింగ్ అధికారులు ఒప్పుకోరు. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే. 2022లో మన దేశంలో దానికి ప్రత్యేక చట్టమే వచ్చింది. అన్నం మళ్లీ మొదలుపెట్టమను. బరువులు ఎత్తేవాడికి అది లేకపోతే తాగిన ప్రొటీన్‌ను కూడా ఒళ్లు కట్టెల్లా కాల్చేసుకుంటుంది. డబ్బా మీద మాస్ గెయినర్ అని రాసి ఉందేమో కూడా చూడు. అలా ఉంటే అందులో ఎక్కువ భాగం పిండిపదార్థమే. అంటే ఇంట్లో కుండలో ఉన్నది మానేసి, అదే సరుకును 3 వేలు పెట్టి డబ్బాలో కొనుక్కున్నాడన్నమాట.